తోక నుంచి లెక్కపెట్టిన బార్లీ

వరి తప్ప ఇంకో పంట పేరెత్తితే నవ్వే ఊళ్ళో నేను బార్లీ పండించాను. అదీ ఉల్టాగా పండించి, ఉల్టాగా పండించానని నా చేత్తోనే రాసి, నలుగురు పెద్ద శాస్త్రవేత్తల ముందు నెగ్గాను. ఈ సంగతి ఎవరికి చెప్తున్నా మా అమ్మ వంటింట్లోంచి "సాల్లేవే, ఎన్నిసార్లు సెప్తావు" అంటుంది. ఎన్నిసార్లయినా చెప్తాను. గెలిచింది నేను, చెప్పుకునేది నేను.

మాది ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో కళాసీగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు గార్డుల్ని ట్రైన్ మేనేజర్లంటున్నారు, ఆ పేరు వింటే ఆయనకు ఒళ్ళు మంట. "మేనేజరట. ఏటి మేనేజ్ సేస్తాడు, బొగ్గా?" అంటాడు. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లో, ఇప్పుడుంటున్నది తిఫ్రాలో నాన్న కట్టిన రెండు గదుల ఇంట్లో. వ్యవసాయం చదివాను. కోని అనే ఊరి వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక పరిశోధన క్షేత్రంలో గోధుమ, బార్లీ ట్రయల్స్ చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగం. రోజూ స్కూటీ మీద వెళ్ళి వస్తాను.

ట్రయల్ అంటే ఏమిటో బంధువులకు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది, అయినా ఇంకోసారి చెప్తాను. దేశంలో ఎక్కడెక్కడో కొత్త గోధుమ రకాలు, బార్లీ రకాలు తయారుచేస్తారు. వాటిని రైతు చేతికి ఇచ్చేముందు రకరకాల నేలల్లో, రకరకాల చలిలో వేసి చూడాలి. అందుకని అవే విత్తనాలను చిన్న కాగితం పొట్లాల్లో కట్టి చాలా ఊళ్ళకు పంపుతారు. పొట్లం మీద రకం పేరు ఉండదు, అంకె ఉంటుంది. పేరు తెలిస్తే ఇది మనవాళ్ళ రకం, అది పక్కవాళ్ళ రకం అని కన్ను వంకరపోతుందని భయం. మా బార్లీ ట్రయల్లో పన్నెండు రకాలు. ఆ పన్నెండింటినీ నాలుగు బ్లాకుల్లో నాలుగుసార్లు వెయ్యాలి. ప్రతి బ్లాకులోనూ మడుల వరస మారుతుంది, ఆ వరస పైనుంచి కాగితం మీద రాసి వస్తుంది. నాలుగు చోట్లా బాగా పండితేనే ఆ రకం మంచిదని లెక్క. ఏ మడిలో ఏ అంకె ఉందో తప్పిపోయిందంటే ఇక అది ట్రయల్ కాదు, పశువులకు వేసుకునే గడ్డి.

మొదటి ఏడాది మా ట్రయల్ నిజంగానే పశువులకు వేసిన గడ్డయింది. కంచె తెగిన చోటునుంచి ఊరి ఆవులు దూరి, ఒక్క ఉదయంలో సగం పొలం నమిలి వెళ్ళాయి. రెండో ఏడాది వరి కోసిన నేల ఆరకముందే దున్ని విత్తాం, మొలకలు మచ్చలు మచ్చలుగా వచ్చాయి. రెండుసార్లూ పరిశీలన బృందం వచ్చి, పొలం చూసి, కాగితం మీద "తిరస్కరించడమైనది" అని రాసి, మా సమోసాలు తిని వెళ్ళిపోయింది. ఆ సమోసాలు నాకు ఇప్పటికీ గుర్తే.

మూడో ఏడాది పొట్లాలు వచ్చిన రోజున ట్రయల్స్ బాధ్యత చూసే మా సారు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన హిందీ మనిషి, గట్టిగా మాట్లాడడు, చెడు వార్తను కూడా కరెంటు బిల్లు చదివినట్టు చదువుతాడు. "ఈసారి కూడా కొట్టేస్తే ట్రయల్‌ను ఇంకో కేంద్రానికి మార్చేస్తారు. అది వెళ్తే నీ పోస్టూ దానితో వెళ్తుంది. వరి సెక్షన్లో ఖాళీలు లేవు" అన్నాడు. నేను తలూపి బయటికొచ్చాను. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, "వరి దేశంలో గోధుమేమిటమ్మా" అని రెండేళ్ళుగా నన్ను చూసి నవ్విన వరి సెక్షన్ వాళ్ళ ముందు సామాన్లు సర్దుకుని వెళ్ళడం నావల్ల కాదు.

ఇక్కడ నాన్న అలవాటు ఒకటి చెప్పాలి. నా తప్పంతా అందులోనే ఉంది.

చిన్నప్పుడు నాన్న డ్యూటీ లేని సాయంత్రాలు నన్ను స్టేషన్ దగ్గరి పాదచారుల వంతెన మీదికి తీసుకెళ్ళేవాడు. కింద బొగ్గు రేకులు, అంటే బొగ్గు నింపిన గూడ్సు బండ్లు, ఆగితే పెట్టెలు లెక్కపెట్టడం మా ఆట. అందరి పిల్లలూ ఇంజను దగ్గర మొదలుపెడతారు. నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఆగి ఉన్న బండి చివర గార్డు పెట్టె చూపించి, అక్కణ్ణుంచి మొదలుపెట్టమనేవాడు. "ఇంజను ఎవడైనా సూస్తాడే. తోక సూసినోడే గార్డు. తోకన దీపం కనిపిస్తేనే బండి మొత్తం వొచ్చినట్టు" అనేవాడు. మా ఇంట్లో అన్ని లెక్కలూ అలాగే నడిచేవి. అమ్మ అప్పడాల కట్టను అడుగునుంచి లెక్కపెడుతుంది. నేను పరీక్ష కాగితాన్ని ఆఖరి ప్రశ్ననుంచి రాసేదాన్ని, టీచర్లు తిట్టేవారు. నాకు ఏ వరస చూపించినా చెయ్యి దాని తోక వైపు పోతుంది.

విత్తే రోజున మూడు బ్లాకులు సారు పక్కన ఉండగానే అయ్యాయి. ఆయన కాగితం చదువుతుంటే నేను ఒక్కో మడి దగ్గర పొట్లం పెట్టాను, కూలివాళ్ళు తాడు పట్టి సాళ్ళు వేసి విత్తారు. ఆ కూలివాళ్ళ పెద్దను అందరూ కాకీ, అంటే పిన్ని, అని పిలుస్తారు. ఆమె ఛత్తీస్‌గఢీ మాట్లాడుతుంది, నన్ను "నోనీ" అంటుంది, అంటే పిల్లా అని. ఆఫీసర్లు ఉంటే "మేడమ్" అంటుంది, కానీ ఆ మాటను పుల్లటి చింతకాయ కొరికినట్టు పలుకుతుంది. మధ్యాహ్నం సారుకు బోద్రీ కోర్టులో పని పడింది. క్షేత్రం సరిహద్దు తగాదాలో ఆయన సాక్షి. "నాలుగో బ్లాకు నువ్వు చూసుకో" అని వెళ్ళిపోయాడు.

నాలుగో బ్లాకు కాలువ వైపునుంచి మొదలుపెట్టాలని కాగితం మీద స్పష్టంగా ఉంది. నేను అన్నం తిని, పొట్లాల బుట్ట పట్టుకుని రోడ్డు వైపునుంచి వచ్చాను. బ్లాకు తోక నా ముందుంది. చెయ్యి తనంతట తానే వంగి, కాగితంలో మొదటిది ఆఖరి మడి దగ్గర పెట్టేసింది. తరవాతది దాని పక్కన. అలా పన్నెండూ పెట్టుకుంటూ కాలువ దాకా వెళ్ళాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. కాకీ గుంపు నా వెనకే విత్తుకుంటూ వచ్చింది. మరునాడు సారు కాగితం పట్టుకుని కాలువ దగ్గర నిలబడ్డాడు, ఆయన చదివిన వరసలో నేను అంకెల బోర్డులు పాతాను. అంటే నాలుగో బ్లాకులో విత్తనం రోడ్డు వైపునుంచి, బోర్డులు కాలువ వైపునుంచి. ఒక్క మడిలోనూ బోర్డుకూ పైరుకూ పొత్తు లేదు.

ఆ సంగతి రెండు నెలలకు పైగా నాకు తెలియలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గు. ఈసారి కంచె నేనే దగ్గరుండి బిగించాను. నేల ఆరేదాకా నాగలి దింపనివ్వలేదు. మొలక దువ్వెనతో దువ్వినట్టు వచ్చింది. వరి సెక్షన్ వాళ్ళు గట్టు మీద ఆగి చూసి వెళ్ళేవారు, నేను చూడనట్టు నటించి చూసేదాన్ని. అందుకే కాబోలు నా కళ్ళకు పొగరెక్కింది. నాలుగో బ్లాకులో అయిదో నంబరుకు కంకి ఆలస్యంగా వచ్చింది, మిగతా మూడింట్లో అదే అందరికన్నా ముందొచ్చింది. పుస్తకంలో "నీటి తడి తక్కువ" అని రాసేసుకున్నాను. పైరు నిజం చెప్తుంటే నేను దానికి జలుబు మందు రాసిచ్చాను.

పరిశీలన బృందం వస్తున్నట్టు కబురొచ్చిన వారంలోనే నా స్కూటీ చెడిపోయింది. నాన్న తన పాత మోపెడ్ మీద నన్ను దింపడానికి వచ్చాడు. వచ్చినవాడు ఊరికే వెళ్తాడా. "నీ జౌ సూపించు" అన్నాడు. ఇక్కడ బార్లీని అలాగే అంటారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆగి ఉన్న రేకు పక్కన నడిచినట్టు గట్టు మీద నడిచాడు. మొదటి బ్లాకు చూశాడు, రెండోది చూశాడు, మూడోది చూశాడు. నేను పక్కన నడుస్తూ గొప్పలు పోతున్నాను. నాలుగోదానిలో సగం దూరం వెళ్ళి ఆగిపోయాడు.

"ఏటే, ఏడో నంబరు అంటే ఒకటే రకం కాదేటి?"

"ఒకటే నాన్నా. నాలుగు చోట్లా ఒకటే."

"మరి ఇదేటి ఇలగుంది? ఆ మూడింట్లో ఏడోది గుండ్రంగా, బొద్దుగా ఉంది. ఇది సపటగా, రెండు వరసలే ఉన్నాయి గింజలు. అది డబల్ లైను, ఇది సింగిల్."

బార్లీ కంకుల్లో కొన్నిటికి గింజలు రెండు వరసలుంటాయి, కొన్నిటికి ఆరు. గడ్డికీ గోధుమకీ తేడా తెలియని మనిషి కూడా చూసి చెప్పగల సంగతి అది. నేను ఏడో బోర్డు వెనక కంకి పట్టుకున్నాను. రెండు వరసలే. పక్క మడికి వెళ్ళాను, అదీ తప్పే. ఆ పక్కదీ తప్పే.

నాన్న నా చేతిలోంచి మడుల వరస రాసిన లేఅవుట్ కాగితం తీసుకున్నాడు. కాలువ వైపునుంచి ఒకసారి నడిచాడు, తల అడ్డంగా ఊపాడు. రోడ్డు వైపు వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. కాగితంలో అంకె చదవడం, కంకి ముట్టుకోవడం, మూడో బ్లాకులో అదే అంకె దగ్గరికి వెళ్ళి చూసి రావడం. ఎండెక్కింది. చెమట తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఈ రేకు ఉల్టా కట్టినావు. తోకనుండి సదివితే అన్నీ సరిగ్గా ఉన్నాయి."

నాకు బోర్డులు కనిపించడం మానేశాయి. వంతెన, బొగ్గు రేకు, గార్డు పెట్టె కనిపించాయి. అచ్ఛా, అదన్నమాట. ఆయన నేర్పిన లెక్కే నన్ను ముంచింది, మళ్ళీ ఆయన లెక్కే పట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, నాన్న మీదే విరుచుకుపడ్డాను. "అంతా నీవల్లే. ఎవరైనా పిల్లలకు తోకనుంచి లెక్క నేర్పుతారా?" అన్నాను.

"నేర్పింది నానే. కాగితం సూడొద్దన్నానేటి?" అన్నాడాయన.

సారుకు చెప్పాను. ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. కాసేపు కిటికీలోంచి చూసి, "బోర్డులే కదా. పీకి తిప్పి పాతేద్దాం. బృందం వచ్చేది మూడు రోజుల తరవాత. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. తప్పుడు మనిషి కాదాయన, భయపడ్డాడంతే. నేనూ భయపడ్డాను. నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నమంతా నేను బోర్డులు తిప్పే ఆలోచనలోనే ఉన్నాను. కాకపోతే బోర్డులతో పని అయిపోదు. నాలుగో బ్లాకు మొలక లెక్కలు, కంకి తేదీలు అన్నీ కొత్త పుస్తకంలో తిరగరాయాలి, పాత పుస్తకం మాయం చెయ్యాలి. ఒక్క పొరపాటును కప్పడానికి నూట ముప్పై అబద్ధాలు రాయాలి.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన పప్పు కలుపుకుంటూ విన్నాడు. "బండిలో తేడా కనిపిస్తే గార్డు ఏటి సేస్తాడు?" అని అడిగాడు.

"ఎర్ర జెండా చూపిస్తాడు."

"దానికన్నా ముందు?"

నాకు తెలియదన్నాను.

"డైరీలో రాస్తాడు. ఏ పెట్టె, ఏటయింది, ఎవలు సేసింది. తన తప్పయితే తన పేరే. ముందు రాసీ. రాసినాక ఎవడికైనా జెండా సూపించొచ్చు. రాయకుండా జెండా ఎత్తితే సెయ్యి వొణుకుద్ది."

"రాస్తే ట్రయల్ కొట్టేస్తారు నాన్నా. ఉద్యోగం పోద్ది."

"పోద్దేమో" అన్నాడు. పోదని అబద్ధం చెప్పలేదు. అమ్మ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

మరునాడు క్షేత్రం రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాశాను. నాలుగో బ్లాకు విత్తనం కాగితానికి తలకిందుగా, రోడ్డు వైపునుంచి పడింది. పొట్లాలు పెట్టింది నేను. బోర్డులు మార్చలేదు, పాత లెక్కలు దిద్దలేదు. కింద సంతకం. సారు చదివాడు. "నీ పేరు రాశావు. నా పేరు రాయలేదు కదా?" అని అడిగాడు. రాయలేదన్నాను. ఆయన రిజిస్టర్ మూసి చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

బృందంలో నలుగురు. పెద్దాయన ఉన్ని టోపీ పెట్టుకున్నాడు, మొహంలో చిరునవ్వు అన్న వస్తువు లేదు. గోధుమ చూసి ఏమీ అనలేదు. బార్లీ దగ్గరికి రాగానే నేను రిజిస్టర్ ఆయన చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు, రెండోసారి చదివాడు.

"తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఒప్పయిపోదమ్మాయ్" అన్నాడు హిందీలో.

"తెలుసు సార్."

"ఆ రోజు విత్తనం పర్యవేక్షణ ఎవరిది?"

నేను నోరు తెరిచేలోపు మా సారు ముందుకొచ్చాడు. "నాది. నేను కోర్టుకు వెళ్ళాను. ఈమెను ఒంటరిగా వదిలింది నేను. రిజిస్టర్లో నా పేరు లేదు, అది కూడా తప్పే, ఇప్పుడు రాస్తాను" అన్నాడు. పెన్ను తీసి అక్కడికక్కడే రాశాడు. కరెంటు బిల్లు చదివినట్టే, అదే గొంతుతో. ఆ క్షణంలో నాకు ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది, మొక్కితే చిరాకుపడతాడని ఊరుకున్నాను.

పెద్దాయన గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. తరవాత నా వైపు తిరిగి, "తలకిందుగా పడిందని నువ్వంటున్నావు. ఇంకోలా పడిందేమో నాకేం తెలుసు? ఆ వరస నీకు నోటికి వచ్చి ఉంటుంది, కనక నువ్వు చెప్పేది నాకక్కర్లేదు. పైరు చెప్పాలి" అన్నాడు.

పరీక్ష ఇలా పెట్టాడు. నన్ను రోడ్డు వైపు తిరిగి నిలబడమన్నాడు. ఆయన శిష్యులిద్దరూ నాలుగో బ్లాకులో ఒక్కో మడినుంచి ఒక్కో కంకి తెంపి, ఏ మడిదో కాడ మీద రాసి, ఆ రాత కనిపించకుండా కాగితం చుట్టి, పన్నెండింటినీ కలిపేసి నా చేతికిచ్చారు. మొదటి బ్లాకులో విత్తనం సరిగ్గా పడిందన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. ఈ కంకి ఆ బ్లాకులో ఏ మడి కంకిలా ఉందో చూసి, ఆ మడి దగ్గర పెట్టాలి. అన్నీ పెట్టాక కాగితాలు విప్పుతారు. నేను చెప్పిన ఉల్టా వరసతో కలిస్తే నిజం, ఒక్కటి తేడా వచ్చినా ట్రయల్ లేదు. "ఒక్కటి కూడా" అని పెద్దాయన మళ్ళీ చెప్పాడు.

అప్పటికి వరి సెక్షన్ వాళ్ళు కూడా గట్టెక్కేశారు. పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు.

పన్నెండు కంకులు గుప్పెట్లో పట్టుకుని మొదటి బ్లాకులోకి దిగాను. చేతులు వణకలేదు. రాసేశాను కదా, ఇంక దాచడానికేమీ లేదు, నాన్న చెప్పింది అక్కడ అర్థమైంది. ఏడోది చేతికి తగలగానే తెలిసింది, బొద్దుగా, ఆరు వరసలు. అయిదోది అప్పటికే పసుపు తిరిగింది. తొమ్మిదోదాని మెడ వంగిపోయి ఉంటుంది. రెండోదాని మీద బూడిద రాసినట్టు తెల్లటి పొర, వేలితో రుద్దితే పోతుంది. మూడు నెలలు వాటి ముందు కూర్చుని లెక్కలు రాసినదాన్ని. బోర్డులు తప్పు చెప్తే నమ్మాను కానీ, బోర్డులు లేనప్పుడు పైరును గుర్తుపట్టలేనా? ఒక్కొక్కటీ పెట్టుకుంటూ పోయాను. పది అయ్యాయి.

రెండు మిగిలాయి. నాలుగు, పదకొండు. కవలపిల్లల్లాంటివి. రెండూ ఆరు వరసలే, ఒకటే ఎత్తు, ఒకటే రంగు. మీసాలు కూడా ఒకే పొడుగు. అటు పెట్టాను, ఇటు పెట్టాను. నాలుగో మడి ముందు గొంతుకూర్చుని ఎంతసేపు చూసినా తేలలేదు.

"కా హోగే నోనీ?" గట్టు మీదనుంచి కాకీ అడిగింది. ఏమైంది పిల్లా అని. ఆఫీసర్లున్నా మేడమ్ అనడం మరిచిపోయింది.

పెద్దాయన వైపు చూశాను. "విత్తింది ఈమె. అడగొచ్చా?" అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, "ఆమె కాగితం చదవగలదా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే రానీ" అన్నాడు.

కాకీ చీర ఎగదోపుకుని దిగింది. నా చేతిలో రెండు కంకులూ తీసుకుంది. కళ్ళతో చూడనేలేదు. ఒకదాని మీసాలను కొననుంచి మొదలుకు పెదవి మీద నెమ్మదిగా లాగింది. తరవాత రెండోది. నాలుగో మడిలో ఒక కంకి వంచి అలాగే లాగింది, పదకొండులో ఇంకోటి. "ఇది గీరుతుంది, అది గీరదు. కంకులొచ్చాక కలుపు తీసేటప్పుడు ఈ మడి మా చేతులన్నీ గీరేసింది, ఆ మడిలో హాయిగా తిరిగాం" అంది తన భాషలో. గీరేదాన్ని నాలుగు దగ్గర పెట్టింది, గీరనిదాన్ని పదకొండు దగ్గర. చేతులు దులుపుకుని గట్టెక్కింది.

కాగితాలు విప్పారు. ఒక శిష్యుడు కాడ మీది రాత చదువుతున్నాడు. "రోడ్డునుంచి మొదటి మడి." పెద్దాయన లేఅవుట్ కాగితంలో మొదటి అంకె చూసుకుని, అది ఏ బోర్డు దగ్గర దొరికిందో అడిగి, టిక్కు పెట్టాడు. "రోడ్డునుంచి రెండోది." టిక్కు. మూడు. నాలుగు. నేను ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. తొమ్మిదోదాకా తప్పు లేదు. రోడ్డునుంచి పదో మడిలోనూ పన్నెండో మడిలోనూ ఉన్నవి ఆ నాలుగు, పదకొండు నంబర్ల కవలపిల్లలే. వాటి వంతు వచ్చేసరికి వరి సెక్షన్ వాళ్ళు కూడా గట్టు అంచుకు జరిగారు.

టిక్కు. నడుమ పదకొండో మడికి ఇంకో టిక్కు. ఆఖరున మరో టిక్కు.

పన్నెండుకు పన్నెండు. పెద్దాయన కాగితం మడిచాడు. నాలుగో బ్లాకులో మొదటి బోర్డు తనే పీకి, రోడ్డు వైపు నడిచి, ఆఖరి మడి దగ్గర తనే పాతాడు. మిగతావి మేమందరం పాతాం. తరవాత రిజిస్టర్ అడిగి, నా ఎర్ర సిరా కింద నల్ల సిరాతో రాశాడు. బోర్డులు మా సమక్షంలో మార్చబడినవి, ట్రయల్ స్వీకరించడమైనది. ఆ ఆఖరి మాట చదివేసరికి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. అందరి ముందూ ఏడవడం ఇష్టంలేక గోడౌనులోకి వెళ్ళి, సంచుల మధ్య కూర్చుని కరువుతీరా ఏడ్చాను. బయటికొచ్చేసరికి పెద్దాయన సమోసా తింటున్నాడు. ఆ ఏడాది సమోసాలు నాకు చాలా నచ్చాయి.

వెళ్ళబోతూ ఆయన కాకీ దగ్గర ఆగి, ఆ పెదవి పరీక్ష ఎలా చేసిందో మళ్ళీ చూపించమన్నాడు. అంత చదువుకున్నవాడు కంకి పట్టుకుని మూతి మీద గీరుకుంటుంటే కాకీ గుంపంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాను. "నాన్నా, పన్నెండుకి పన్నెండు. తీసుకున్నారు."

"తోకన దీపం సూసినావా?" అన్నాడు. బండి పూర్తిగా వచ్చేసిందా అని అడగడం అది.

"చూశాను."

"అయితే ఇంటికొచ్చీ. మీ అమ్మ గారెలకి నానబెట్టింది" అన్నాడు. పప్పు నానాలంటే పొద్దున్నే వెయ్యాలి. అంటే నేను గెలవకముందే వేశారు. ఓడితే కూడా ఆ గారెలే పెట్టేవారేమో, నేను అడగలేదు.

కోతలయ్యాయి, లెక్కలు వెళ్ళాయి. వేసవిలో నా కాంట్రాక్టు మళ్ళీ రాసిచ్చారు. వరి సెక్షన్లో ఒకాయన నన్ను ఆపి, బార్లీ పిండితో రొట్టెలు చేసుకోవచ్చా అని అడిగాడు. చేసుకోవచ్చు కానీ ముందు నా పొలానికి నమస్కారం పెట్టి రమ్మన్నాను. పొగరే. ఉండనివ్వండి.

వర్షాలు వెనకపట్టాక కొత్త పొట్లాలు వచ్చాయి. రైల్వే పార్సిల్లోనే వచ్చాయి. నేను వద్దంటున్నా నాన్న స్టేషన్‌కు వచ్చాడు, పార్సిల్ ఆఫీసులో అందరూ ఆయనకు తెలిసినవాళ్ళే. పెట్టెను అక్కడే ఒక బెంచీ మీద పెట్టి విప్పాం. ఈసారి కూడా బార్లీ పన్నెండు రకాలే, నాలుగు కట్టలు. లెక్క సరిచూసుకుని సంతకం పెట్టాలి.

మొదటి కట్ట విప్పి వరసగా పరిచాను. నాన్న వంగి ఆఖరి పొట్లం మీద వేలు పెట్టాడు. "పన్నెండు" అన్నాడు.

ఇంకెప్పుడైనా అయితే నా వేలూ అక్కడికే పోయేది. నేను కాగితం తీసి ఎడమ చేతిలో పట్టుకున్నాను. ఇంజను వైపు జరిగి మొదటి పొట్లం మీద వేలు పెట్టాను. "ఒకటి."

ఆయన నన్ను ఓరగా చూశాడు. "పదకొండు."

"రెండు."

అలా అటునుంచి ఆయన, ఇటునుంచి నేను. ఆరు దగ్గర నా వేలు, ఏడు దగ్గర ఆయన వేలు పక్కపక్కన ఆగాయి. నడుమ ఏమీ మిగల్లేదు.

"సరిపోయింది. రాసీ" అన్నాడు నాన్న.

రాశాను.